డిక్కీలో చలిమిడి

ఆ గురువారం దుర్గాంబ వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున్నే తెనాలిలో కారెక్కాలి. రేపల్లెలో కూతురు లిఖిత ఇంటికి చేరాలి. వియ్యపురాలు ప్రమీలారాణి భజనకు వెళ్ళిన సమయం చూసుకుని లోపలికి దూరాలి. కూతురి నోట్లో చలిమిడి ముద్ద పెట్టి, మిగతాది ఒడిలో పెట్టి, మూడో కంటికి కనపడకుండా మధ్యాహ్నం భోజనానికి ఇల్లు చేరుకోవాలి. ఇంతే. ఇందులో చెడిపోవడానికి ఏముందని ఎవరైనా అనుకుంటారు. ఆవిడా అలాగే అనుకుంది.

దీన్ని దొంగ చలిమిడి అంటారు. కడుపుతో ఉన్న పిల్లకి మూడో నెలలో తల్లి తన చేత్తో చేసిన చలిమిడి తీసుకెళ్ళి గుట్టుగా పెట్టి రావడం ఆ ఇళ్ళలో ఆనవాయితీ. ఐదో నెలలో పెట్టేదానికైతే ఊరంతటినీ పిలవొచ్చు, ఫొటోగ్రాఫర్ని పెట్టుకోవచ్చు, వచ్చినవాళ్ళందరికీ జాకెట్టు ముక్కలు పంచొచ్చు. ఇది మాత్రం అత్తగారికి కూడా తెలియకూడదు.

పైగా కిందటేడు ఒక సంగతి జరిగింది. లిఖితకు నెల తప్పిందని తెలియగానే దుర్గాంబ సంతోషం పట్టలేక తెనాలిలో సగం మందికి ఫోన్లు చేసి చెప్పేసింది. ఆ కడుపు నిలవలేదు. ఫోన్లకీ దీనికీ ఏం సంబంధం లేదమ్మా అని డాక్టరమ్మ ఎంత నచ్చజెప్పినా ఆవిడ మనసు ఒప్పుకోలేదు. తన నోరే పిల్లకు దిష్టి కొట్టిందని గట్టిగా నమ్మింది, చాలా రోజులు ఒక్కతే కూర్చుని ఏడ్చింది. అందుకే ఈసారి లిఖిత తల్లికి ఒక్కదానికే చెప్పింది. "నా నోట్లోంచి మాట జారితే ఈ నాలుక నేనే కోసుకుంటాను" అని దుర్గాంబ ఒట్టు పెట్టుకుంది. భర్త చలపతిరావుకి కూడా చెప్పేది కాదు గానీ, కారు నడపడం ఆవిడకు రాదు.

రాత్రంతా ముసురు పట్టి, తెల్లారేసరికి కాస్త తెరిపి ఇచ్చింది. చలిమిడి నింపిన స్టీలు డబ్బాని తెల్లగుడ్డలో మూటకట్టి దుర్గాంబ బయటికొచ్చేసరికి, చలపతిరావు కారు డిక్కీ ఎత్తి లోపలికి చూస్తూ నిలబడ్డాడు. స్టెప్నీ టైరు సగం మునిగి ఉంది.

"ఏంటండీ అది?"

"నీళ్ళు."

"నీళ్ళని నాకూ తెలుస్తోంది. అందులోకెలా వచ్చాయని!"

"రాత్రి వానకి ఎక్కడినుంచో కారాయి. డబ్బా వెనక సీట్లో పెట్టుకోరాదూ?"

"మన కారు ఎప్పుడైనా ఖాళీగా వెళ్ళిందా? ఊరు దాటేలోగా ఎవరో ఒకరు చెయ్యెత్తుతారు, మీరు ఆపుతారు. ఎక్కినవాళ్ళు మొట్టమొదట అడిగేది ఆ మూటలో ఏంటనేగా!"

అది నిజమే. పోనీ బస్సులో వెళదామంటే అక్కడ ఇంకా ఎక్కువ కళ్ళు. చలపతిరావు లుంగీ ఎగ్గట్టాడు. ఆయనకు తెనాలిలో పంపుసెట్ల విడిభాగాల కొట్టుంది. "జీవితమంతా వాషర్లు అమ్మినవాణ్ణి, నాకు లీకు దొరక్కపోవడమేంటి? పది నిమిషాల్లో పట్టేస్తా చూడు" అన్నాడు. ఆయన పది నిమిషాలన్న ప్రతి పనికీ సగం పూట పట్టడం దుర్గాంబ చాలాసార్లు చూసింది. కానీ ఇవాళ వేరే దారి లేదు.

ముందు స్టెప్నీ బయటికి తీశాడు. దాని కింద గుంటలో ఉన్న రబ్బరు బిరడా పీకి నీళ్ళు వదిలేశాడు. పాత లుంగీతో లోపలంతా పొడిగా తుడిచి, బిరడా మళ్ళీ పెట్టాడు. తర్వాత టార్చి లైటు పట్టుకుని తనే డిక్కీలోకి ఎక్కి ముడుచుకుని పడుకున్నాడు.

"అయ్యో, మీరెందుకండీ అందులో?"

"నీళ్ళు పోసేది బయటనుంచి, కారేది లోపల. లోపల మనిషి లేకపోతే ఎక్కడ కారుతోందో ఎలా తెలుస్తుంది? మూత వేసెయ్. పైపుతో మొదట వెనకద్దం మీద పొయ్యి, తర్వాత మూత అంచుల మీద, ఆ తర్వాత వెనక లైట్ల మీద. నేను చెప్పేదాకా ఆపకు."

"ఊపిరాడొద్దూ?"

"వెనక సీటు కాస్త వంచి ఉంచాన్లే, గాలాడుతుంది. వెయ్యి."

దుర్గాంబ మూత వేసి పైపు అందుకుంది. అప్పుడే ఎదురింటి అరుగు మీదికి మాణిక్యమ్మ కాఫీ గ్లాసుతో వచ్చి కూర్చుంది. మాణిక్యమ్మకు కళ్ళజోడు లేకుండానే వీధి చివర ఆగిన బస్సు ఏ ఊరిదో తెలుస్తుంది. దుర్గాంబంటే ఆవిడకు సొంత కూతురి మీదున్నంత ప్రేమ. ఆ ప్రేమతోనే ఆ ఇంటి సంగతులన్నీ ఆరా తీస్తుంది.

"ఏంటమ్మా దుర్గా, ఇప్పుడేగా వాన వెలిసింది. మళ్ళీ నీళ్ళు పోస్తున్నావేంటి?"

"బురదండి పిన్నిగారూ."

"బురద చక్రాలకి కదా ఉంది. నువ్వు పైన పోస్తున్నావు."

"పైన కూడా ఉందండి."

"మీ ఆయనేరీ? పాపం, ఆడదానివి నువ్వు కడుక్కుంటున్నావు."

డిక్కీ కారుతోందంటే ఎక్కడికి ప్రయాణమంటుంది, ఏం తీసుకెళుతున్నావంటుంది. దుర్గాంబకు ఒట్టు గుర్తొచ్చింది. "బజారుకెళ్ళారండి" అనేసింది.

"దుర్గా! ఇంకా పొయ్యి! ఎడమవైపు పొయ్యి!" అంది డిక్కీ.

మాణిక్యమ్మ గ్లాసు నోటి దాకా వెళ్ళి ఆగిపోయింది. దుర్గాంబ కూడా కారు వంక ఆశ్చర్యంగా చూసింది, అంతకన్నా ఆవిడకేం తోచలేదు.

"ఫోనండి. ఆయన కారులో ఫోను మర్చిపోయి వెళ్ళారు."

"ఆ ఫోను నిన్ను నీళ్ళు పొయ్యమంటోందా?"

"అబ్బా! మొహం మీద పడిందే, కాస్త చూసి పొయ్యవే!" అని డిక్కీలోంచి మళ్ళీ కేక వినపడింది.

మాణిక్యమ్మ లేచింది. గ్లాసు అక్కడే పెట్టి లోపలికెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది. ఆవిడ పుట్టిల్లు బాపట్ల. దుర్గాంబ తమ్ముడు సుందరయ్య ఇల్లు కూడా అక్కడ అదే వీధిలో. సుందరయ్యకు ఫోను కలిపింది. "నాయనా, మీ అక్కయ్యకి ఏమైందో ఏమో! మీ బావని డిక్కీలో పెట్టి మూతేసి పైన నీళ్ళు పోస్తోంది. ఆయన లోపలనుంచి అరుస్తున్నాడు. నేను చెప్పానని మాత్రం చెప్పకు" అంది.

సుందరయ్యకు బాపట్లలో ఎరువుల కొట్టుంది గానీ అసలు ఇష్టమైన వ్యాపకం తగవులు తీర్చడం. ఎవరి మధ్యైనా తేడా వచ్చిందని తెలిస్తే కొట్టు కట్టేసి మరీ వెళతాడు. వెంటనే బావకి ఫోను చేశాడు.

"బావా, ఎక్కడున్నావు?"

"డిక్కీలో."

"ఎవరి డిక్కీలో?"

"మా డిక్కీలోనే రా. ఇంకెవరి డిక్కీలో ఉంటాను!"

"అక్కయ్యేం చేస్తోంది?"

"బయట నీళ్ళు పోస్తోంది. ఉండరా, ఇదుగో, ఇటు కారుతోంది. తర్వాత మాట్లాడతాను. అవతల రేపల్లె వెళ్ళాలి."

"రేపల్లె ఇప్పుడెందుకు?"

చలపతిరావు నాలుక కరుచుకున్నాడు. "అది చెప్పకూడదు రా. చెప్పానంటే మీ అక్కయ్య నన్ను చంపేస్తుంది" అని గబుక్కున పెట్టేశాడు.

సుందరయ్య ఆ రేపల్లె సంగతి మాణిక్యమ్మ చెవిన వేసి, కొట్టు తలుపులు మూసి స్కూటరు తీశాడు. అక్కయ్య తన మాట వినదని అతనికి చిన్నప్పటినుంచీ తెలుసు. వింటే ఒక్క వియ్యపురాలి మాటే వింటుంది. ప్రమీలారాణి హెడ్‌మిస్ట్రెస్‌గా చేసి రిటైరైన మనిషి. ఆవిడ కళ్ళజోడు సర్దుకుంటే ఎదుటివాళ్ళు వాళ్ళంతట వాళ్ళే చేతులు కట్టుకుంటారు. సుందరయ్య నగరం అనే ఊరి మీదుగా రేపల్లె దారి పట్టి, దారిలో ఆగి ఆవిడకు ఫోను చేశాడు. భజనలో ఉన్న ఆవిడ తాళాలు పక్కావిడ చేతికిచ్చి లేచి ఇంటికొచ్చేసింది.

ఇక్కడ తెనాలిలో చలపతిరావు చాలా సంతోషంగా డిక్కీలోంచి దిగాడు. లీకు దొరికింది. మూత చుట్టూ ఉన్న రబ్బరు బాగానే ఉంది. ఎడమవైపు వెనక లైటు వెనకాల ఉండే రబ్బరు ఎండి బీటలు వారింది. దాని సందులోంచి నీరు లోపలికి దిగి గోడ వెంబడి జారి స్టెప్నీ గుంటలో చేరుతోంది. ఆయన లైటు ఊడదీసి, సైకిలు ట్యూబు ముక్క కత్తిరించి అడుగున పెట్టి, మళ్ళీ బిగించాడు. పైపుతో నీళ్ళు కొట్టి చూస్తే చుక్క దిగలేదు. లుంగీ మార్చి ప్యాంటు వేసుకొచ్చి డబ్బా, పళ్ళు, గాజులు లోపల సర్దాడు. దుర్గాంబ మూత వేసి దణ్ణం పెట్టుకుంది.

వెనక్కి తిరిగేసరికి మాణిక్యమ్మ గంజిపెట్టిన చీర కట్టుకుని చేతిసంచితో నిలబడి ఉంది.

"రేపల్లె వెళుతున్నారటగా? భట్టిప్రోలులో మా ఆడపడుచుని చూసి చాలా రోజులైందమ్మా. దారేగా, నన్నక్కడ దింపెయ్యండి."

రేపల్లె వెళుతున్నట్టు ఈవిడకెలా తెలిసిందో దుర్గాంబకు అర్థం కాలేదు. కాదంటే ఎందుకంటుంది. అవునంటే కారెక్కుతుంది. చూస్తూ ఉండగానే మాణిక్యమ్మ ఎక్కేసింది. "నువ్వు కూడా వెనక నా పక్కన కూర్చో దుర్గా. ముందు ఆయన్నొక్కణ్ణీ ప్రశాంతంగా నడుపుకోనీ" అని దుర్గాంబ చెయ్యి పట్టుకుని లాగి, ఆ చెయ్యి మళ్ళీ వదల్లేదు.

జంపని దాటాక వాన మళ్ళీ మొదలైంది. వైపర్లు ఆడుతున్నాయి గానీ చలపతిరావు చెవులన్నీ వెనకే ఉన్నాయి. వేమూరు ఇంకా రాకముందే వెనకనుంచి టప్, టప్ అని చప్పుడు వినపడింది. కారు పక్కకు తీసి ఆపాడు.

"ఎందుకండీ ఆపారు?" అంది దుర్గాంబ.

"ఒక్క నిమిషం."

"నేనూ వస్తానుండండి."

"నువ్వు వెళ్ళొద్దు" అంటూ మాణిక్యమ్మ రెండో చెయ్యి కూడా పట్టుకుంది.

చలపతిరావు డిక్కీ ఎత్తి, ఆ మూత కిందే తలదాచుకుని చూశాడు. కారు కుదుపులకు ట్యూబు ముక్క జారిపోయింది. నీటిధార డబ్బా వైపే పాకుతోంది. జేబురుమాలు కుక్కితే అది తడిసి ఇంకా ఎక్కువ కారసాగింది. చుట్టూ చూస్తే కొట్టు లేదు, షెడ్డు లేదు, రెండువైపులా పొలాలే. అప్పుడాయన చూపు స్టీలు డబ్బా మీద పడింది. చలిమిడిలో జిగురుంది, నెయ్యి ఉంది, చేత్తో ఎటు నొక్కితే అటు సాగుతుంది. కొట్టు యజమానిగా ఆలోచిస్తే అందులో ఏ దోషమూ కనపడలేదు. తండ్రిగా ఆలోచించడానికి టైము లేదు.

మూట విప్పి పెద్ద నిమ్మకాయంత ముద్ద తీసుకున్నాడు. లైటు చుట్టూ సందు కనపడకుండా లోపలా బయటా బాగా దట్టించి, బొటనవేలితో నున్నగా రాశాడు. నీరు ఠక్కున ఆగింది. అంత మంచి సరుకు ఆయన కొట్టులో ఏనాడూ అమ్మలేదు. మూట మళ్ళీ కట్టేసి, చేతులు ప్యాంటుకు తుడుచుకుని వచ్చి కూర్చున్నాడు.

"ఏం చేశారండీ?" అంది దుర్గాంబ అనుమానంగా.

"ఏంలేదు. సర్దాను."

"ఏం సర్దారు?" అంది మాణిక్యమ్మ.

"టైరండి."

మాణిక్యమ్మ గొంతు తగ్గించింది. "ఏదైనా మనసులో పెట్టుకోకమ్మా దుర్గా. కడుపులో ఉన్నది నాతో చెప్పుకో. నేనెవరికీ చెప్పను."

కడుపు అన్న మాట వినగానే దుర్గాంబకు నోటిదాకా వచ్చింది. ఇంత మంచి కబురు ఎవరికీ చెప్పకుండా నెలల తరబడి మోయడం ఆవిడకు అసలు అలవాటు లేదు. పెదవి గట్టిగా కొరుక్కుని "ఏంలేదండి పిన్నిగారూ" అంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి చూసి మాణిక్యమ్మకు మిగిలిన కాస్త సందేహం కూడా తీరిపోయింది. భట్టిప్రోలు వచ్చాక చలపతిరావు కారు ఆపితే, "మా ఆడపడుచు ఊళ్ళో లేదటండి, పోనివ్వండి" అంది. ఎవరికీ ఫోను చేసింది లేదు, ఎవరూ ఫోను చేసిందీ లేదు.

రేపల్లెలో వాన ఆగింది. వియ్యపురాలింటి ముందు తడిసిన స్కూటరు, వరండాలో తడిసిన సుందరయ్య, పక్కనే కుర్చీలో ప్రమీలారాణి. దుర్గాంబ కారు తలుపు తియ్యబోయి ఆగింది. ఈ వేళకి భజనలో ఉండాల్సిన మనిషి ఇంట్లో ఎందుకుంది? వీడిక్కడ ఏం చేస్తున్నాడు? "డబ్బా తియ్యకండి, అందులోనే ఉండనివ్వండి" అని భర్తతో గొణిగి, బలవంతంగా నవ్వుతూ కారు దిగింది.

అల్లుడు కృష్ణకాంత్ కాలేజీకి వెళ్ళాడు. లిఖిత వంటింటి గుమ్మంలో నిలబడింది. తల్లిని చూసి మొహం వెలిగింది గానీ, వెనకే ఇంతమంది రావడం చూసి అక్కడే ఆగిపోయింది.

"కూర్చోండి వదినగారూ" అంది ప్రమీలారాణి కళ్ళజోడు సర్దుకుంటూ. అందరూ ముందు గదిలోకి వచ్చి కూర్చున్నారు. "సంసారమన్నాక అనేకం ఉంటాయి. మాటామాటా అనుకుంటాం, కాసేపు మాట్లాడుకోవడం మానేస్తాం. అంతే గానీ..."

"ఎంత కోపమొస్తే మాత్రం బావని డిక్కీలో పెట్టి నీళ్ళు పోస్తావా అక్కయ్యా!" అని సుందరయ్య ఆపుకోలేక అనేశాడు.

దుర్గాంబకు అంతా ఒక్కసారిగా అర్థమైంది. మాణిక్యమ్మ గోడ మీద కాలెండరు చదువుతోంది. కాదు, డిక్కీ కారుతుంటే చూశామని ఒక్క మాటంటే చాలు, ఈ అవమానం తప్పిపోతుంది. కానీ డిక్కీ దాకా వెళితే డబ్బా దాకా వెళతారు. ఆవిడ వంటింటి గుమ్మంలో ఉన్న పిల్ల వంక చూసింది.

"అవునండి వదినగారూ. కోపమొచ్చింది, పెట్టాను. కోపమొస్తే నేనింతే" అంది తల దించుకుని.

పెళ్ళయినప్పటినుంచీ భర్త మీద గొంతు పెంచి ఎరగని మనిషి ఆ మాటంటే చలపతిరావు తట్టుకోలేకపోయాడు. "తప్పు నాదేనండి" అన్నాడు.

"ఏం చేశారన్నయ్యగారూ?"

అంతవరకూ ఆయన ఆలోచించుకోలేదు. "కాఫీ... కాఫీ బాగాలేదన్నాను."

"కాఫీ బాగాలేదన్నందుకా!" అంది ప్రమీలారాణి నివ్వెరపోయి.

"మా అక్కయ్య కాఫీ బాగుండదని నేను చిన్నప్పటినుంచీ అంటూనే ఉన్నానండి. నన్నెప్పుడూ ఇలా చెయ్యలేదు" అన్నాడు సుందరయ్య.

"అప్పుడు మనకి కారు లేదురా" అంది దుర్గాంబ.

లిఖిత కళ్ళు నిండిపోయాయి. తన కోసమే తల్లి మాటలు పడుతోందని ఆ పిల్లకి తెలుసు. "అమ్మా" అంటూ ముందుకు రాబోతే దుర్గాంబ కళ్ళతోనే వద్దంది. ఆవిడకు ఏడుపు ఆగడం లేదు. కూతురు అక్కడే, చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఉంది. చలిమిడి వీధిలో ఉంది. ఈ ఇద్దర్నీ కలపడం ఇక ఈ జన్మలో కుదిరేలా లేదు.

వీధి వైపు కూర్చున్న మాణిక్యమ్మ ఉన్నట్టుండి లేచింది. "ఇదేంటమ్మా, ఆ ఆవు మీ కారుని తింటోంది!"

అందరూ బయటికొచ్చారు. ఆ వీధిలో తిరిగే ఎర్రావు ఎడమవైపు లైటుని కళ్ళు మూసుకుని నాకుతోంది. సుందరయ్య అదిలిస్తే కదల్లేదు. మాణిక్యమ్మ సంచీతో కొడితే తోకతో కొట్టింది. ప్రమీలారాణి దగ్గరికెళ్ళి, కొమ్ము పట్టుకుని పక్కకు తిప్పి, లైటు దగ్గర వంగి చూసింది. వేలితో కాస్త తీసింది. వాసన చూసింది.

"అన్నయ్యగారూ, ఇదేంటండీ?"

"వాషరండి" అన్నాడు చలపతిరావు.

"వాషర్లో కొబ్బరి ముక్కలు వేస్తారా?"

దుర్గాంబ ఒక్క గెంతులో వచ్చి చూసింది. "ఓరి దేవుడో! పిల్లకి తెచ్చిన చలిమిడి లైటుకి పూశారా!" అని వీధంతా వినపడేలా అరిచింది.

దుర్గాంబ రెండు చేతులతో నోరు మూసుకుని మెట్ల మీద కూలబడిపోయింది. "మళ్ళీ నేనే అన్నాను. నా నోటితోనే అన్నాను వదినగారూ. అందరూ ఉండగా, నడివీధిలో! దానికేమన్నా అయితే నేను బతకను" అంటూ వెక్కి వెక్కి ఏడ్చింది. చలపతిరావుకు ఏం చెయ్యాలో తోచక ఆవిడ పక్కనే మెట్టు మీద కూర్చున్నాడు.

ప్రమీలారాణి వేలు చీర కొంగుకు తుడుచుకుంది. కళ్ళజోడు సర్దుకుంది.

"వదినగారూ, మీరేదో అన్నట్టున్నారు. ఆవుని తోలే గొడవలో నాకు వినపడలేదు. సుందరయ్యగారూ, మీకు వినపడిందా?"

"చలిమి..." అని మొదలుపెట్టిన సుందరయ్య ఆవిడ మొహం చూసి ఆగాడు. చేతులు వాటంతట అవే కట్టుకున్నాయి. "లేదండి."

"మాణిక్యమ్మగారూ, మీకు?"

"నాకు ఈ చెవి సరిగా వినపడదమ్మా" అంది మాణిక్యమ్మ. రెండో చెవి ఎలా ఉందని ఎవరూ అడగలేదు.

అప్పుడు ప్రమీలారాణి వచ్చి దుర్గాంబ పక్కన కూర్చుని, ఆవిడ చేతులు నోటి మీదనుంచి తీసి తన చేతుల్లోకి తీసుకుంది. "ఇంగువ పోపు పెట్టినప్పుడల్లా కోడలు పెరట్లోకి పరుగెత్తుతుంటే అత్తగారికి తెలియదా వదినగారూ? మీరు వస్తారని ప్రతి గురువారం ఇంటి తలుపులు బార్లా తీసిపెట్టి భజనకెళ్ళి కూర్చుంటున్నాను. ఆ తాళాల మోతకి నాకు తలనొప్పి. అయినా ఓర్చుకున్నాను. మీరేమో రారు! తీరా ఇవాళ వస్తే, నన్ను భజనలోంచి లేపి ఇంటికి పిలిపించారు!"

దుర్గాంబ ఏడుపు ఆపి నోరు తెరుచుకుని చూసింది.

"మా అమ్మ నాకు తెచ్చిన రోజున మా అత్తగారు పొద్దుటినుంచీ గొడ్లసావిట్లో కూర్చున్నారు. ఏం పనుందో అనుకున్నాను. ఇన్నాళ్ళకి నాకు తెలిసింది" అంటూ ప్రమీలారాణి లేచింది. వెంటనే గొంతు పాత హెడ్‌మిస్ట్రెస్ గొంతైంది. "అందరూ లోపలికి రండి. సుందరయ్యగారూ, మీరు ఆ గోడ వైపు తిరగండి. మాణిక్యమ్మగారూ, మీరు ఆయన పక్కన. అన్నయ్యగారూ, డబ్బా ఇచ్చి మీరూ తిరగండి. నేనూ తిరుగుతున్నాను. తల తిప్పినవాళ్ళు నాతో మాట్లాడాలి."

ముందు గదిలో నలుగురు పెద్దవాళ్ళు వరసగా గోడకు మొహం పెట్టి నిలబడ్డారు. అందరిలోకీ మాణిక్యమ్మకే ఎక్కువ కష్టమైంది. ఆవిడ ఇంతవరకూ ఏ విషయానికీ వీపు చూపించి ఎరగదు.

దుర్గాంబ మూట విప్పింది. ముద్దలో ఒకవైపు గుంట పడి ఉంది. "తిన్నారా? పిల్లకన్నా ముందు ఎంగిలి చేశారా?" అంది గోడ వైపు తిరిగి.

"వేలు కూడా నాకలేదు. ప్యాంటుకి తుడుచుకున్నాను, కావాలంటే చూడు" అన్నాడు చలపతిరావు గోడతో.

ఆవిడ చిన్న ముద్ద తీసి లిఖిత నోట్లో పెట్టింది. గాజులు తొడిగింది. పళ్ళూ చలిమిడీ ఒడిలో పెట్టి, తల నిమిరి, బుగ్గలు పట్టుకుని చూస్తూ ఉండిపోయింది. లిఖిత తల్లి చెవి దగ్గరికి వంగింది. "అమ్మా, మొన్న స్కానింగుకెళితే డాక్టరమ్మ గుండె చప్పుడు వినిపించింది. ఎంత గట్టిగా కొట్టుకుంటోందో! అంతా బాగుందంది. నువ్వేం భయపడకు. నువ్వు ఊరంతా చెప్పినా ఏం కాదు" అంది. దుర్గాంబ కూతుర్ని వాటేసుకుని ఏడ్చింది. కిందటేడునుంచీ మోస్తున్నదంతా అప్పుడు దిగిపోయింది. గోడ దగ్గర ప్రమీలారాణి కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది.

"అక్కయ్యా, నాక్కూడా ఒక ముద్ద..." అన్నాడు సుందరయ్య గోడ వైపు నుంచే.

"ఏంటి ముద్ద? ఇక్కడేం లేదే!" అంది దుర్గాంబ కళ్ళు తుడుచుకుంటూ, నవ్వుతూ.

సాయంత్రం తిరుగు ప్రయాణంలో మాణిక్యమ్మ జంపని దాకా ఎలాగో ఆపుకుంది. ఆ తర్వాత మెల్లిగా "ఐదో నెల ఎప్పుడొస్తుందమ్మా దుర్గా?" అంది.

"ఏ ఐదో నెలండి పిన్నిగారూ?"

"ఏంలేదులే. ఊరికే అడిగాను."

మర్నాడు చలపతిరావు లైటు వెనక కొత్త రబ్బరు వేయించాడు. పాతదాని మీద అతుక్కున్న చలిమిడి అప్పటికి గట్టిపడి చాకుతో గీకితే గానీ రాలేదు. బాపట్లలో సుందరయ్య కనపడిన ప్రతివాణ్ణీ ఆపి, రేపల్లెలో జరిగిన విషయం గురించి తనకేమీ తెలియదని చెప్పుకుంటూ తిరిగాడు. తెనాలిలో మాణిక్యమ్మ కూడా తనేమీ చూడలేదని వీధి వీధంతా ఒట్టు పెట్టి చెప్పింది. అందరికన్నా ముందు కనిపెట్టి ఎవరికీ చెప్పనిది ఒక్క ఆ ఎర్రావే.